జీతం తీసుకుంటేనే తిట్టగలను

మొదటే ఒక మాట చెప్పేస్తాను. ఎల్‌కేజీ నుంచీ నాది ఇంగ్లిష్ మీడియం. తెలుగు పదో తరగతి దాకా చదివి, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. ఇందులో తప్పులుంటే క్లబ్ ఎడిటర్లు దిద్దుతామన్నారు. దిద్దాక కూడా మిగిలితే అవి నావే.

రెండో సంవత్సరం పరీక్షలు అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంటుందని మీకు తెలుసు. అది నిజంగా ఎలా జరుగుతుందో కూడా మీకు తెలుసు. ఒక టాపిక్ తీసుకుంటాం, సర్వే ఫారాలు ప్రింట్ కొడతాం, ఏదో ఒక ఊళ్ళో ఫొటోలు దిగుతాం, మిగతా ఫారాలన్నీ రూమ్‌లో కూర్చుని నాలుగు రకాల పెన్నులతో నింపేస్తాం. మా సీనియర్ ఒకడు చేతిరాత వేరుగా కనిపించాలని సగం ఫారాలు ఎడమ చేత్తో రాశాడట. నా ప్లాన్ కూడా అదే. కాకపోతే ఫొటోలకి, సంతకానికి ఒక సంస్థ కావాలి. మా టౌన్‌లో, మా ఇంటికి రెండు వీధుల అవతల, జిరాక్స్ షాపు పైన రక్తదాతల సంఘం ఒకటుంది. నడిచి వెళ్ళొచ్చు. అందుకే దాన్ని ఎంచుకున్నాను. అంతకు మించి సేవాభావం ఏమీ లేదు.

మెట్లెక్కితే రెండు గదులు. ఒకదాంట్లో బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ నిండా మెమెంటోలు. రెండోదాంట్లో బీరువా, చుట్టిపెట్టిన పాత బ్యానర్లు. ప్రెసిడెంట్ గారు, సెక్రటరీ గారు, ఇంకా చాలామంది గారులు ఉన్నారు గానీ రోజూ వచ్చి తాళం తీసేది ఇద్దరే. ఒకరు ట్రెజరర్ గారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఇంకొకరు కోఆర్డినేటర్. ఆవిడకి మా అమ్మ వయసుంటుంది. నేను ‘ఆంటీ’ అన్నాను. “అక్కా అను బాబూ, ఇక్కడికొచ్చే పిల్లలందరూ అలాగే అంటారు” అంది.

నేను గొప్పగా చెప్పాను: “అక్కా, మీకు నేను ఒక యాప్ చేసి ఇస్తాను.”

ఆవిడ నవ్వలేదు. బీరువా తెరిచి మూడు స్పైరల్ బైండింగ్ రిపోర్టులు తీసి బల్ల మీద పెట్టింది. మూడూ నాలాంటి వాళ్ళు అంతకు ముందు చేసినవే. మొదటిది వెబ్‌సైట్. ఏడాది తర్వాత డోమైన్ డబ్బులు ఎవరూ కట్టలేదు. రెండోది యాప్. దాని పాస్‌వర్డ్ చేసిన అబ్బాయి దగ్గరే ఉంది, అబ్బాయి విదేశాల్లో ఉన్నాడు. మూడోది డెమో రోజున మాత్రం పనిచేసింది. మూడు రిపోర్టుల్లోనూ అక్క సంతకం ఉంది, ‘పని సంతృప్తికరం’ అని.

“యాప్ తర్వాత చూద్దాంలే. ఫోన్లు చేయగలవా?” అంది.

పని చిన్నదే. మూడు లాంగ్ నోట్‌బుక్కులు. వాటిలో రక్తం ఇస్తామని పేరు రాయించుకున్నవాళ్ళు ఆరొందల మంది పైన. పేరు, గ్రూపు, ఊరు, ఫోన్ నంబరు, చివరిసారి ఎప్పుడిచ్చారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నంబరు పనిచేస్తోందా, మనిషి ఊళ్ళోనే ఉన్నారా, మళ్ళీ ఇవ్వడానికి ఇష్టమేనా అని కనుక్కుని టిక్ పెట్టాలి. ఇది ప్రాజెక్టా అనుకున్నాను. లాగ్‌బుక్‌లో ‘డేటా వాలిడేషన్’ అని రాసుకున్నాను.

ఆ నోట్‌బుక్కులు ఎందుకంత ముఖ్యమో నాకు నెమ్మదిగా తెలిసింది. ఈ సంఘం పదిహేను మంది దాకా తలసేమియా పిల్లలకి రక్తం ఏర్పాటు చేస్తుంది. తలసేమియా మేజర్ ఉంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికున్నన్నాళ్ళూ. అలా ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుపోతుంది, దాన్ని తీయడానికి మళ్ళీ మందులు. తల్లి, తండ్రి ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరిలోనూ ఆ లోపం ఉన్న జీన్ ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. ప్రాబబిలిటీ క్లాసులో ఇలాంటి లెక్క వంద సార్లు చేశాను. ఆ ఒకవంతు కుర్చీలో కూర్చుని కాళ్ళూపుతూ బిస్కెట్ తింటుంటే చూడటం మాత్రం అదే మొదటిసారి.

రక్తం కొనుక్కోవచ్చు కదా అని మా ఫ్రెండ్ ఒకడు అడిగాడు. కొనకూడదు. ఒకప్పుడు డబ్బు కోసం రక్తం అమ్ముకునేవాళ్ళు ఉండేవారు. 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, 1998 జనవరి 1 నుంచి మన దేశంలో అది నిషేధం. అమ్మడం లేదు కాబట్టి, ఎవరో ఒకరు ఊరికే ఇవ్వాలి. ఊరికే ఇచ్చేవాళ్ళని ఎవరో ఒకరు అడగాలి. ఆ అడిగే మనిషే అక్క.

ప్రభుత్వానికి ఈ-రక్తకోశ్ అని పోర్టల్ ఉంది, 2016 నుంచి. ఏ బ్లడ్ సెంటర్‌లో ఏ గ్రూపు ఎంతుందో చూపిస్తుంది. అక్క రోజూ పొద్దున్నే చూస్తుంది. “అందులో సున్నా అని కనబడ్డాక మొదలవుతుంది బాబూ మన పని” అంటుంది. వేసవిలో ఆ సున్నాలు ఎక్కువ. కాలేజీలకి సెలవులు, క్యాంపులు ఉండవు, ఎండకి ఎవరూ బయటికి రారు.

ఫోన్లు చేయడం అనుకున్నంత తేలిక కాదు. నాకు తెలుగులో పెద్దవాళ్ళతో మాట్లాడటం రాదని ఆ వారమే తెలిసింది. ఫ్రెండ్స్‌తో వచ్చే తెలుగు వేరు. ఫోన్లకి బదులు వాట్సాప్ మెసేజ్ పెడితే సులువని, ఇంగ్లిష్‌లో రాసి ట్రాన్స్‌లేట్ కొట్టి అక్కకి చూపించాను. ‘హలో. మీ రక్తం మాకు కావాలి. దయచేసి ఈరోజే మీ రక్తాన్ని సమర్పించండి.’

అక్క కళ్ళజోడు తీసి నవ్వింది. ట్రెజరర్ గారు లెక్కల పుస్తకం పక్కన పెట్టి మరీ నవ్వారు. “ఇది చూస్తే మనిషి ఊరొదిలి పారిపోతాడండి ఆయ్” అన్నారు.

తర్వాత అక్క చెప్తుంటే నేను రాశాను. ‘నమస్కారం అండి. రేపు ఒక పాపకి రక్తం ఎక్కించాలండి. మీది బి నెగటివ్ కదా. ఈరోజు సాయంత్రంలోగా ఒకసారి రాగలరా? రాలేకపోయినా పర్లేదండి, ఒక్క మాట చెప్పండి చాలు.’ ఆ ఆఖరి వాక్యం ఎందుకని అడిగాను. “రానని చెప్పినవాళ్ళు కూడా మనకి సాయం చేసినట్టే. వాళ్ళ కోసం ఎదురుచూడకుండా ఇంకొకరికి చేసుకుంటాం కదా” అంది. నేను చదువుకున్న ఏ సిస్టమ్ డిజైన్ పాఠం కన్నా అది నాకు బాగా గుర్తుంది.

మొదటి నాలుగు రోజులు బుద్ధిగానే చేశాను. కొందరు పెళ్ళిళ్ళయి హైదరాబాద్ వెళ్ళిపోయారు. కొందరు బీపీ వచ్చిందన్నారు. ఒకాయన ఎత్తగానే “ఎప్పుడు రమ్మంటారు?” అన్నాడు, ఎవరు మాట్లాడుతున్నదీ కూడా అడగకుండా. ఒక నంబరుకి ఆడమనిషి ఎత్తారు. ఆయన పోయి ఏడాదైందని చెప్పారు. నాకేం అనాలో తెలియక సారీ అండీ అని పెట్టేశాను. అక్క ఆ పేరుకి ఎదురుగా ‘పోయారు’ అని రాయలేదు. పెన్సిల్‌తో ‘ఇక చేయొద్దు’ అని మాత్రం రాసింది. పేరు కొట్టేయలేదు.

అయిదో రోజు నుంచి నాకు విసుగు పుట్టింది. ఇక్కడే నా తప్పు మొదలైంది. ఎండ, కరెంటు కోత, అవతల పక్క విసుక్కునే గొంతులు. ఇరవై ఫోన్లు చేసి నలభై టిక్కులు పెట్టడం మొదలుపెట్టాను. పెద్ద మోసం చేస్తున్నానని అనిపించలేదు. హాస్టల్‌లో సర్వే ఫారాలు నింపే అలవాటే కదా ఇది కూడా. నోట్‌బుక్ నిండుతోంది, లాగ్‌బుక్ నిండుతోంది, అందరూ హ్యాపీ.

రెండో వారంలో ఒక సాయంత్రం ఒక పల్లెటూరి నుంచి ఒకావిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. పాపకి ఏడేళ్ళు. బి నెగటివ్. మర్నాడు పొద్దున రక్తం ఎక్కించాలి. స్టాకు లేదు. ఎవరైనా ఇస్తే దాన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేశాకే ఎక్కిస్తారు. అందుకే దాత ముందురోజే రావాలి. అక్క నా నోట్‌బుక్ తీసింది. బి నెగటివ్ పేజీలో టిక్ ఉన్న పేర్లు తొమ్మిది. మొదటి నంబరు స్విచ్ఛాఫ్. రెండోది మనుగడలో లేదు. మూడోది ఎవరో ఎత్తి రాంగ్ నంబర్ అన్నారు. నాలుగో ఆయన దుబాయ్‌లో ఉన్నాడు.

ఆ నాలుగూ నేను చేయని ఫోన్లే.

అక్క నా వైపు ఒక్కసారి చూసింది. ఏమీ అనలేదు. పాత పద్ధతిలో, తనకి గుర్తున్నవాళ్ళకి, వాళ్ళ చుట్టాలకి, పక్క టౌన్ సంఘం వాళ్ళకి చేస్తూ కూర్చుంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఒకాయన దొరికాడు, పొద్దున్నే వస్తానన్నాడు. అంటే పాపకి రక్తం ఎక్కేది ఎల్లుండి. ఒక్క రోజు తేడా. మీకు, నాకు ఒక రోజు ఏమంత కాదు. ఆ పాప అప్పటికే పాలిపోయి, అమ్మ ఒళ్ళో తల వాల్చేసి ఉంది. ఆవిడ కూలికి వెళ్తుంది. రెండు రోజుల కూలి పోయింది. ఆ రాత్రి ఇద్దరూ ఆఫీసు పక్క గదిలో, చుట్టిన బ్యానర్ల మధ్య పడుకున్నారు.

నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి అక్కకి చెప్పేశాను, ఎన్ని టిక్కులు దొంగవో కూడా. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండేది.

“నువ్వు ఊరికే చేస్తున్నావు కదా బాబూ. ఊరికే చేసేవాణ్ణి నేనేం అనగలను?” అంది.

ఆ మాట నాకు అప్పుడు క్షమించినట్టు అనిపించింది. క్షమించడం కాదది. అది తర్వాత అర్థమైంది.

మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఈసారి అన్నీ చేశాను. చేస్తూనే వివరాలన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించాను. యాప్ కాదు, మామూలు స్ప్రెడ్‌షీట్. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వొచ్చు. కాబట్టి చివరిసారి ఇచ్చిన తేదీకి 90 గానీ 120 గానీ కలిపి, ఈరోజు ఇవ్వగలిగినవాళ్ళ పేర్లు పైకి వచ్చేలా ఒక ఫార్ములా. అంతే. అకౌంట్ నా మెయిల్ మీద కాకుండా సంఘం మెయిల్ మీద పెట్టాను. పాస్‌వర్డ్ ట్రెజరర్ గారు తన లెడ్జర్ ఆఖరి పేజీలో రాసుకున్నారు. నాలుగో స్పైరల్ బైండింగ్ అవ్వకూడదని నా పట్టుదల.

ఆ నెలాఖరుకి ఇంకో పని తగిలింది. సంఘానికి 80జి గుర్తింపు ఉంది. అంటే విరాళం ఇచ్చినవాళ్ళకి పన్నులో మినహాయింపు వస్తుంది. దానికోసం ఎవరెంత ఇచ్చారో, వాళ్ళ పాన్ నంబర్లతో సహా, ఫారం 10బిడిలో మే 31లోగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల ఫీజు. ట్రెజరర్ గారు రసీదు పుస్తకాలు చూసి ఒక్కొక్కటే టైప్ చేస్తున్నారు. పాన్ అంటే అయిదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. సెకండియర్ వాడు ఎవడైనా రాయగల రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. పది లైన్ల పైథాన్ రాస్తే, సున్నా బదులు ‘ఓ’ కొట్టినవి, అంకె తగ్గినవి అన్నీ బయటపడ్డాయి. ట్రెజరర్ గారు నా భుజం తట్టి, “యాప్ కన్నా ఇది నయం కదండి” అన్నారు. నన్ను ‘అండి’ అన్న మొదటి పెద్దాయన ఆయనే.

ఆ రసీదులు చూస్తున్నప్పుడే ఒకటి గమనించాను. ఒకరు ఫ్రిజ్ ఇచ్చారు, పేరు చెక్కించి. ఒకరు టీషర్టులు, ఒకరు బ్యానర్లు, ఒకరు పుట్టినరోజుకి పిల్లలందరికీ భోజనాలు. ‘జీతం నిమిత్తం’ అని ఒక్క రసీదు లేదు. అడిగితే ట్రెజరర్ గారు చెప్పారు: “జీతానికి ఇమ్మంటే సేవకి జీతమేంటండి అంటారు. బిర్యానీకి ఇమ్మంటే వెంటనే ఇస్తారు.” అక్కకి నెలకి పదకొండు వేలు. అది కూడా రెండు నెలలకోసారి కలిపి ఇచ్చిన సందర్భాలున్నాయి.

ప్రాజెక్ట్ అయిపోయే రోజు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి ట్రెజరర్ గారు అడిగారు, శని ఆదివారాలు వస్తావా, నెలకి మూడు వేలు ఇస్తాం అని. నాకు చాలా సిగ్గేసింది. “అబ్బే, డబ్బులు వద్దండి, సర్వీస్‌గా చేస్తాను” అన్నాను. మంచిగానే మాట్లాడాననుకున్నాను.

అక్కకి కోపం వచ్చింది. అన్నాళ్ళలో మొదటిసారి.

“డబ్బులొద్దంటే మూడో వారం నుంచి రావు. పరీక్షలంటావు, ఫెస్ట్ అంటావు. నేను అడగలేను. జీతం తీసుకో, అప్పుడు నిన్ను తిట్టగలను. ఇంకోటి విను. నువ్వు ఊరికే చేస్తే రేపు మీటింగ్‌లో ఏమంటారో తెలుసా? ఇంజనీరింగ్ కుర్రాడే ఊరికే చేస్తుంటే ఈవిడకి పదకొండు వేలెందుకు అంటారు.”

నేను ఇంకేమీ మాట్లాడలేదు. తీసుకుంటానన్నాను.

ఇంట్లో నాన్నకి నచ్చలేదు. “రక్తదానం వాళ్ళ దగ్గర జీతమేంట్రా? డొక్కా సీతమ్మ గారు జీతం తీసుకునే అన్నం పెట్టారా?” అన్నారు. మా గోదావరి వాళ్ళకి ఆవిడ పేరెత్తితే ఇక వాదన ఉండదు. లంకల గన్నవరంలో ఎవరు ఏ వేళకి వచ్చినా అన్నం పెట్టిన తల్లి. నేను రెండు రోజులు ఆలోచించి చెప్పాను: “సీతమ్మ గారికి పొలాలున్నాయి నాన్నా. అక్కకి అద్దె ఇల్లుంది. 2024 నుంచి బడుల్లో మధ్యాహ్న భోజనం సీతమ్మ గారి పేరు మీదే పెడుతున్నారు కదా, అది వండేవాళ్ళకి గౌరవ వేతనం ఇస్తున్నారుగా.” నాన్న పేపర్ తిప్పారు. అమ్మ మాత్రం వంటింట్లోంచి, “పదకొండు వేలతో ఎలా నెట్టుకొస్తోందో ఆవిడ” అంది.

అప్పట్నుంచీ నాకు ఒక విషయం తిరుగుతోంది. 2005లో హైదరాబాద్‌లో 108 మొదలైంది, లాభాపేక్ష లేని సంస్థగానే. అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ళకి, డ్రైవర్లకి, సాఫ్ట్‌వేర్ చూసేవాళ్ళకి జీతాలున్నాయి. అంబులెన్స్ డ్రైవర్‌ని నువ్వు జీతం ఎందుకు తీసుకుంటున్నావని ఎవరం అడగం. లెక్కలు చూసేవాళ్ళు, ఊళ్ళు తిరిగేవాళ్ళు, డేటా సరిగ్గా ఉంచేవాళ్ళు లేకపోతే ఏ సంస్థా నడవదు. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో నడిచే ప్రాజెక్టులకీ ఇలాంటి మనుషులు కావాలి. మన ప్లేస్‌మెంట్ సెల్‌లో సర్వీస్ బేస్డ్, ప్రోడక్ట్ బేస్డ్ అని రెండే రకాల కంపెనీల గురించి చెప్తారు. అసలు సర్వీస్ అనే మాట ఎవరిదో వాళ్ళ గురించి మాత్రం చెప్పరు.

నేను చదువయ్యాక అక్కడే చేరతానని చెప్పట్లేదు. నాకూ ఎడ్యుకేషన్ లోన్ ఉంది, నేనూ కోడింగ్ టెస్టులు రాస్తున్నాను. కానీ జూనియర్స్‌కి ఒకటి చెప్తాను. వచ్చే వేసవిలో మీరు ఏదో ఒక సంస్థ మెట్లెక్కుతారు. యాప్ చేస్తానని మొదలుపెట్టకండి. బీరువాలో ఎన్ని స్పైరల్ బైండింగులు ఉన్నాయో అడగండి. వాళ్ళు రోజూ చేసే పని ఒక వారం మీరు చేయండి. చేయని పనికి టిక్ పెట్టకండి. ఆ టిక్ నమ్మి ఎవరో రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తారు.

ఇప్పుడు శని ఆదివారాలు వెళ్తున్నాను. ఆగస్టులో ఒక శనివారం ఫెస్ట్ పనుల్లో పడి చెప్పకుండా ఎగ్గొట్టాను. ఆదివారం వెళ్తే అక్క పావుగంట తిట్టింది. చాలా బాగా తిట్టింది.

ఆ పాప వాళ్ళమ్మకి మూడు వారాలకోసారి నేనే ఫోన్ చేస్తాను, “అమ్మా, దాత దొరికారండి, రేపు రండి” అని. “చల్లగా ఉండు బాబూ” అంటుంది. ఆ రోజు ఎందుకు ఆలస్యమైందో ఆవిడకి తెలియదు. అక్క చెప్పలేదు. నేనూ ఇంకా చెప్పలేదు.